డబ్బా తెరవకముందే పుట్టిన చెత్త

నల్లంపల్లి స్మారకోపన్యాసం - పూర్తి పాఠం



ఎవరి జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం ఏర్పాటు చేశారో ఆ అయ్యవారు పగలు బడిలో సైన్సు చెప్పి, సాయంత్రం ఇంటి అరుగు మీద రేడియోలు బాగుచేసేవారని మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. సభలో తన పేరెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషి. అందుకని నేనూ ఎత్తను, నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఎలక్ట్రానిక్ చెత్త గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే పత్రికల్లో చూసిన ఫొటోలు గుర్తొస్తాయి. ఢిల్లీ సీలంపూర్‌లో సర్క్యూట్ బోర్డుల గుట్టలు, ఘానా రాజధాని అక్రాలో 2021 దాకా నడిచిన అగ్బోగ్బ్లోషీ అంగడిలో తీగలు కాల్చే నల్లటి పొగ, చైనాలో గుయ్యూ ఊరి వాగులు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో అచ్చువేసిన లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ సామాను 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు కాగితాల మీద కనిపించేది నూటికి 22 వంతులు. ఇవన్నీ నిజాలే. అయితే వీటిని చూపించి ఊరుకుంటే, చెత్త అనేది వస్తువు చచ్చాక పుట్టేదనీ, ఎక్కడో ఇరుకు సందుల్లో బీదవాళ్ళు చేసే పాడుపని అనీ మనసులో స్థిరపడిపోతుంది. నాకు ఆ వరస నచ్చదు. ఒక ఫోను వల్ల నేలకూ నీళ్ళకూ గాలికీ జరిగే చెరుపులో పెద్ద వాటా మనం డబ్బా తెరవకముందే జరిగిపోయి ఉంటుంది. దాన్ని చూడడానికి తమిళనాడులో ధర్మపురి జిల్లా నల్లంపల్లి నుంచి ఘానా దాకా పోనక్కర్లేదు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలోనే అన్నీ ఉన్నాయి.

మొదట ఉత్తరానికి పోదాం. కృష్ణగిరి దాటి ఇంకాస్త పైకి వెళ్తే కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఉత్తర ఆర్కాడు, చిత్తూరు వైపు పల్లెల తమిళులు, తెలుగువాళ్ళు కరువుకు తాళలేక కూలికి వెళ్ళింది ఆ గనుల్లోకే. మూడు కిలోమీటర్లకు మించిన లోతు వరకు తవ్వారు. దేశంలో చాలా పట్నాలు కిరసనాయిలు దీపాలతో ఉన్న కాలంలో, 1902లో, శివసముద్రం జలపాతం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. బంగారం వెళ్ళిపోయింది, గని కూలీల లైన్లు మిగిలాయి, వాటి పక్కనే సయనైడు దిబ్బలు మిగిలాయి. రాయిని పిండిగా కొట్టి, సయనైడు నీళ్ళలో నానబెట్టి బంగారం పిండుకున్నాక పోసిన బూడిదరంగు గుట్టలవి. బరువు మూడు కోట్ల టన్నులకు పైమాటే. గాలి లేచిన రోజున ఆ పిండి ఊరి మీదకి వస్తుంది. గని మూసి ఇరవై ఏళ్ళు దాటినా గాలికి ఆ సంగతి తెలియదు గదా.

దీనికీ మీ చొక్కా జేబులోని ఫోనుకీ సంబంధమేమిటంటే, ఫోనులో బంగారం ఉంది. తుప్పు పట్టదు, కరెంటు బాగా పారుతుంది కాబట్టి బోర్డుల మీద అతుకుల చోట పూత పూస్తారు. అమెరికా పర్యావరణ సంస్థ చాలాకాలంగా చెప్పే లెక్క ఒకటుంది: పది లక్షల ఫోన్లు కరిగిస్తే 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 16 వేల కిలోల రాగి దొరుకుతాయి. అంటే ఒక్కో ఫోనులో 34 మిల్లీగ్రాముల బంగారం. ముక్కుపుడకకు కూడా చాలదు. టన్ను రాయికి 5 గ్రాములు ఇచ్చే గని అనుకుంటే, ఆ పిసరు బంగారం కోసం దాదాపు 7 కిలోల రాయి పిండి కావాలి. ఫోను బరువేమో రెండు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఆ 7 కిలోల పిండి డబ్బాలో పెట్టి మనకివ్వరు, అది ఎక్కడో గని పక్కన గుట్టగా ఉండిపోతుంది. ఇది బంగారం ఒక్కదాని లెక్క. బ్యాటరీలో కోబాల్టు ఉంది, ప్రపంచంలో తవ్వే కోబాల్టులో నూటికి 70 వంతుల దాకా కాంగో దేశం నుంచే వస్తుంది. ఆ గనుల కథ ఇక్కడ ఎత్తుకుంటే రాత్రి అవుతుంది.

ఇప్పుడు దక్షిణానికి. తొప్పూరు కనుమ దిగి మేచ్చేరి మీదుగా మేట్టూరు. ఆనకట్ట చూడడానికి పిల్లల్ని తీసుకెళ్ళే ఉంటారు. ఆ జలాశయానికి దగ్గర్లోనే ఒక అల్యూమినియం కర్మాగారం 1960లలో మొదలై 2008 ప్రాంతంలో లోహం కరిగించడం ఆపేసింది. ఏర్కాడు కొండల నుంచీ కొల్లిమలై నుంచీ బాక్సైటు తెచ్చి, కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా తీసేవారు. ఒక టన్ను అల్యూమినియానికి రెండు టన్నులకు తగ్గకుండా ఎర్రమట్టి బురద మిగులుతుంది. చెయ్యి పెడితే చర్మం మండే క్షారం అది. హంగరీలో 2010 అక్టోబరులో అలాంటి బురద చెరువు గట్టు తెగి ఊళ్ళ మీద పడితే 10 మంది చనిపోయారు. మేట్టూరులో అంత ప్రమాదం జరగలేదు, గుట్ట మాత్రం జలాశయం ఒడ్డు ప్రాంతంలోనే పడి ఉంది. కావేరి అక్కడ ఆగి, డెల్టాకు పోతుంది. ల్యాప్‌టాప్ మూత, ఫోను అంచు, ఫ్యాను రెక్క - ఏ అల్యూమినియమైనా ఎక్కడో ఒకచోట ఇలాంటి బురద పోయకుండా పుట్టదు. ఏర్కాడులో కాఫీ తాగి వచ్చేవాళ్ళకి తవ్వేసిన కొండ చరియలు పెద్దగా కనబడవు, అటువైపు బస్సులు పోవు.

మూడో ప్రయాణం హోసూరు వైపు. ఈ దారి మీకు నేను చెప్పాలా? మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఆడపిల్లలు వేల సంఖ్యలో ఈ దారినే కంపెనీ బస్సుల్లో పోతున్నారు. ఐఫోనుకి పై తొడుగులు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం అక్కడే ఉంది. పోచంపల్లి దగ్గర ఓలా వాళ్ళ కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీ ఉంది. నేను ఈ ఫ్యాక్టరీలకు విరోధిని కాదు. పదో తరగతి కాగానే పెళ్ళి చేసి పంపే ఊళ్ళలో ఆడపిల్ల నెల జీతం తేవడం ఎంత పెద్ద మార్పో చూస్తూనే ఉన్నాను. చెప్పేదల్లా, అక్కడ జరిగే పనిలో రసాయనం ఎంతుందో మనం మరచిపోకూడదని. అల్యూమినియం తొడుగు మెరవాలంటే ఆమ్లం తొట్టెలో ముంచి కరెంటు పంపాలి, కడగాలి, రంగెక్కించాలి, మళ్ళీ కడగాలి. ప్రతి కడుగుడుకీ నీళ్ళు, ప్రతి తొట్టె అడుగునా బురద. 2024 సెప్టెంబరు 28న అక్కడ రసాయనాలు నిలవ ఉంచిన చోట మంటలు లేచి, పని కొన్నాళ్ళు ఆగిపోయిందని పేపర్లన్నీ రాశాయి. ఫోను కొన్నవాడికి ఆ రోజు ఏమీ తెలియలేదు. హాస్టల్లో ఉన్న మన పిల్లల ఇళ్ళలో మాత్రం ఆ రోజంతా ఫోన్లు మోగుతూనే ఉండి ఉంటాయి.

ఫోను కంపెనీలు తామే ఏటా ప్రకటించుకునే పర్యావరణ నివేదికలు తీసి చూడండి. ఒక ఫోను తన బతుకంతా గాలిలోకి వదిలించే కార్బన్‌లో నూటికి 80 వంతుల దాకా తయారీలోనే అయిపోతుందని వాళ్ళే రాస్తారు. మనం రోజూ ఛార్జింగు పెట్టే కరెంటు అందులో చిన్న ముక్క. కొత్త ఫోను చేతికి రాగానే అది వాడని వస్తువని అనుకుంటాం. భూమి లెక్కలో చాలామట్టుకు వాడేసిన వస్తువు అది.

నీళ్ళ సంగతి ఈ జిల్లాలో చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పాలి. చిప్పులు కడగడానికి మనం తాగే నీటికంటే వేల రెట్లు శుభ్రమైన నీళ్ళు కావాలి. 2020లో తుపానులు రాక 2021లో తైవాన్‌లో కరువు వస్తే, అక్కడి ప్రభుత్వం వేల హెక్టార్ల పొలాలకు సాగునీరు ఆపింది, చిప్ కంపెనీలు ట్యాంకర్లతో నీళ్ళు తోలుకున్నాయి. రైతుకు పరిహారం ఇచ్చారు, నిజమే. అయినా వరిమడి ఎండితే తప్ప చిప్పు పుట్టని రోజొకటి వచ్చిందన్న సంగతి మనలాంటి మెట్ట జిల్లావాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

విషం కలిసిన నీళ్ళంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. మన కింద ఉన్న రాతిలోంచే ఫ్లోరైడు నీళ్ళలోకి దిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటిన బోర్ల నీళ్ళే తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, మోకాళ్ళు వంగినవాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. ఆ నీళ్ళకు రుచి తేడా లేదు, వాసన లేదు, ఏళ్ళు గడిచాక ఒళ్ళు చెప్పింది. దానికి విరుగుడుగా హొగెనకల్ నుంచి కావేరి నీళ్ళు తేవడానికి 2008లో పునాదిరాయి వేసి, జపాన్ సంస్థ దగ్గర అప్పు తీసుకుని, 1,900 కోట్ల రూపాయల పైన ఖర్చుపెట్టి, 2013లో ప్రారంభించారు. ఫ్లోరైడు ఎవరూ తెచ్చి పోసింది కాదు, ప్రకృతి పెట్టింది. దాన్ని తప్పించుకోవడానికే ఇంత అయింది. సీసం, కాడ్మియం మనం చేతులారా తెచ్చి పోసుకుంటే వాటికి ఏ హొగెనకల్ తేవాలి? సీసం విషయంలో ఫ్లోరైడుకున్నట్టు, ఇంతవరకు ఫరవాలేదనే గీత కూడా లేదు. పిల్లల రక్తంలో సురక్షితమైన సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. చదువు మీద, జ్ఞాపకశక్తి మీద పడుతుంది దాని దెబ్బ.

సీసం అన్నాను కాబట్టి మీ ఇళ్ళలోకి వస్తాను.

2006 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఉచిత రంగుల టీవీలు పంచడం మొదలుపెట్టింది. 14 అంగుళాల పెట్టె టీవీ. 2011 దాకా ఒకటిన్నర కోటికి పైగా ఇళ్ళకు చేరాయి. ఇంత తక్కువ కాలంలో ఒకే ప్రభుత్వం ఇన్ని ఎలక్ట్రానిక్ వస్తువులు కొని ఇంటింటికీ ఇచ్చింది ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో, నాకు తట్టడం లేదు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2011 నుంచి మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చింది, బడిపిల్లలకు ల్యాప్‌టాపులు ఇచ్చింది. పక్క రాష్ట్రంవాళ్ళు నవ్వారు గాని, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా ఎనిమిదో తరగతి పిల్లలకూ అయ్యవార్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది. ఉచితం తప్పని వాదించేవాళ్ళ గుంపులో నన్ను చేర్చవద్దు. రుబ్బురోలు దగ్గర నడుము విరిగిన ఆడవాళ్ళకి గ్రైండరు ఎంత మేలు చేసిందో టీవీ చర్చల్లో కూర్చునే మగవాళ్ళకి తెలియదు. నా తగవు వేరే చోట ఉంది. ఒకటిన్నర కోటి టీవీలు కొన్న టెండరులో ధర ఉంది, గ్యారంటీ ఉంది, ఎప్పటికల్లా అందించాలో ఉంది. అవి పాడయ్యాక ఎవరు ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది ఎవరికీ పట్టలేదు. అప్పటికి దేశంలో ఎలక్ట్రానిక్ చెత్తకు చట్టమే లేదు. మొదటి నియమాలు 2011లో రాసి, 2012 మే 1 నుంచి అమలుకు తెచ్చారు. టీవీల పంపకం అప్పటికే అయిపోయింది.

పెట్టె టీవీ లోపల గాజు గొట్టం ఉంటుంది. ఎలక్ట్రాన్లు వేగంగా వచ్చి తగిలినప్పుడు ఎక్స్-కిరణాలు పుడతాయి కాబట్టి, అవి ఇంట్లోవాళ్ళ మీద పడకుండా గొట్టం వెనక భాగం గాజులో నూటికి 20 వంతులకు పైగా సీసం ఆక్సైడు కలుపుతారు. చిన్న టీవీలో అరకిలో నుంచి, పెద్దవాటిలో మూడు కిలోల దాకా సీసం ఉంటుంది. ఒక్కో సర్కారు టీవీకి అరకిలో అని తక్కువలో తక్కువ వేసుకున్నా రాష్ట్రమంతటా ఏడున్నర వేల టన్నుల సీసం గుడిసె గుడిసెకూ చేరిందన్నమాట. గొట్టం గొట్టంగా ఉన్నంతకాలం దానివల్ల భయం లేదు. సీసం గాజులో బిగిసిపోయి ఉంటుంది, ఇరవై ఏళ్ళు గూట్లో ఉన్నా బయటికి రాదు. పగలగొట్టి పొడైతే, ఆ పొడి పుల్లటి నీళ్ళలో, కుళ్ళిన చెత్త ఊటలో నానితే, అప్పుడు మెల్లగా వదలడం మొదలుపెడుతుంది. తెరకు లోపల పూసిన మెరుపు పొడి ఇంకా చెడ్డది, గాలిలో లేస్తుంది. ఈ సంగతి ఎందుకు విడమరచి చెబుతున్నానంటే, మన ఊళ్ళలో గొట్టాన్ని సరిగ్గా పగలగొట్టే పనే చేస్తాం.

ఎవరు పగలగొడతారు? ఇదివరకు పాత ఇనుముకీ ఇత్తడికీ ఖర్జూరపండు ఇస్తానని అరుస్తూ సైకిలు మీద వచ్చేవాడు. ఇప్పుడు అతని కొడుకు లౌడ్‌స్పీకరు కట్టిన చిన్న ఆటోలో వస్తున్నాడు. టీవీకి అతనిచ్చేది రాగి ఖరీదు. గొట్టం మెడకు చుట్టిన తీగ చుట్టలో రాగి ఉంది, ట్రాన్స్‌ఫార్మర్లలో ఉంది, బోర్డు మీద టంకం ఉంది. ప్లాస్టిక్ డబ్బాకు సేలం వైపు కొనేవాళ్ళు దొరుకుతారు. గాజుకు ఎవరూ లేరు. గాజు మళ్ళీ గాజుగా మారాలంటే ఎక్కడో కొత్త పెట్టె టీవీలు తయారవుతూ ఉండాలి. గుజరాత్‌లో భరూచ్ దగ్గర వీడియోకాన్ వాళ్ళ గాజు కొలిమి ప్రపంచంలో మిగిలిన చివరివాటిలో ఒకటి, అమెరికాలో పారేసిన టీవీ గాజు కూడా ఒకప్పుడు అక్కడికి వచ్చేది. ఆ కంపెనీ దివాలా తీసింది, పెట్టె టీవీని ఇప్పుడు ఎవరూ చెయ్యరు. కాబట్టి గాజు గొట్టం పాత సామాను కొనే కాయలాంకడ వాడికి బరువు తప్ప బేరం కాదు. రాత్రిపూట ఏ ఏటిగట్టునో, ఏ ఎండిన చెరువులోనో దించేస్తాడు. మన చెరువులు ఎక్కువ కాలం ఎండే ఉంటాయి గనక ఎవరికీ పట్టదు. వాన పడిన ఏడాది అదే చెరువు చుట్టుపక్కల బోర్లకు ఊట.

తీగలు కాల్చడం ఇంకో దుర్మార్గం. కాల్చేవాడు దుర్మార్గుడని కాదు, చేత్తో ఒలిస్తే కూలి గిట్టదు, కాలిస్తే పది నిమిషాల్లో రాగి బయటపడుతుంది. తీగ తొడుగు పి.వి.సి., అందులో క్లోరిన్ ఉంది. తక్కువ మంటలో అరకొరగా కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, పక్కనే ఉన్న రాగి ఆ రసాయన చర్యను వేగిరపరుస్తుంది కూడా. పొగ పోయాక అవి బూడిదలోనూ, ఆ పక్కన గడ్డిలోనూ ఉంటాయి. గడ్డి మేసిన పశువు కొవ్వులో చేరతాయి, పాలలో దిగుతాయి. ఇంత మేకల సంత నడిచే ఊళ్ళో ఈ మాట చెప్పకుండా ఎలా ఉంటాను?

ఒక్క విషయంలో నా వాదానికి నేనే అడ్డుపడాలి. డబ్బా తెరవకముందే చెరుపంతా అయిపోతుంది, కాబట్టి ఏ వస్తువునైనా చచ్చేదాకా వాడమని నేనంటే అది సగం నిజం. ఫోనుకీ ల్యాప్‌టాపుకీ ఆ సూత్రం చక్కగా సరిపోతుంది. పాత ఫ్రిజ్‌కి సరిపోదు. ఇరవై నాలుగు గంటలూ కరెంటు తాగే వస్తువు కాబట్టి దాని చెరుపు ఎక్కువగా వాడకంలోనే ఉంటుంది. ఆ కరెంటు కోసం మేట్టూరు థర్మల్ స్టేషనులో బొగ్గు మండాలి, బూడిద దిబ్బలు పెరగాలి. 14 అంగుళాల పెట్టె టీవీ తినే కరెంటులో సగంతో అంతకంటే పెద్ద ఎల్‌ఈడీ టీవీ నడుస్తుంది. ఫ్రిజ్‌కి ఇంకో చిక్కుంది, దాని లోపలి వాయువు. పదిహేను ఇరవై ఏళ్ళనాటి ఫ్రిజ్‌లలో ఉండే ఆర్-134ఎ వాయువు వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు 1,300 రెట్లకు పైనే. రాగి గొట్టం కోసం కటింగ్ ప్లేయరుతో తుంచిన క్షణంలో బుస్సుమని పోతుంది, చూడ్డానికి ఏమీ ఉండదు. కనుక దేన్ని నిలుపుకోవాలి, దేన్ని మార్చుకోవాలి అన్నది వస్తువును బట్టి లెక్క వేసుకోవలసిన పని. ఆ లెక్క కొనేవాడికి షాపువాడు చెప్పడు.

చట్టం ఏం చేస్తోంది? 2016లో ఒకసారి, 2022లో మరోసారి నియమాలు తిరగరాశారు. కొత్తవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇదివరకు 21 రకాల వస్తువులకే వర్తించేవి, ఇప్పుడు 106 రకాలకు. సోలార్ పలకలు కూడా చేరాయి. తయారుచేసి అమ్మిన కంపెనీ, తన సరుకు బతుకుకాలం తీరాక అందులో ఇన్ని వంతులు శుద్ధి అయ్యేలా చూడాలి, మొదటి రెండేళ్ళు నూటికి 60, ఆ తర్వాత 70, ఆపైన 80. శుద్ధి చేసేవాళ్ళ దగ్గర సర్టిఫికెట్లు కొని లెక్క చూపాలి. ఆ సర్టిఫికెట్లకు 2024లో ప్రభుత్వం కనీస ధర పెట్టి, కిలోకు 22 రూపాయలు అనేసరికి, పెద్ద పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాయి. వేల రూపాయలకు అమ్మిన సామాను మీద కిలోకు 22 రూపాయలు భారమట.

కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది. నాకు కొరుకుడుపడనిది ఇంకొకటి. ఈ నియమాల కింద నమోదు కావలసిన పాత్రలు నాలుగే: తయారీదారు, తన బ్రాండుతో అమ్మే కంపెనీ, పాతది బాగుచేసి మళ్ళీ వాడకానికిచ్చే నమోదైన సంస్థ, శుద్ధి చేసే సంస్థ. కాయలాంకడ అందులో లేదు. ధర్మపురి బస్టాండు దగ్గర ఫోన్లు విప్పే కుర్రవాడు లేడు. దేశంలో పాత సరుకులో అత్యధిక భాగం వీళ్ళ చేతుల మీదుగా పోతుంటే, వీళ్ళు లేనట్టే చట్టం నడుస్తుంది. అందుకే లెక్కలు కూడా కుదరవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021-22కి దేశమంతా 16 లక్షల టన్నులన్నది. మొదట్లో చెప్పిన ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక 2022కి 40 లక్షల టన్నులకు పైగా అన్నది. అబద్ధం ఎవరూ ఆడలేదు. మండలి ఆ 21 రకాలే తూచింది, వాళ్ళు అన్నీ తూచారు. మన మిక్సీలూ గ్రైండర్లూ ఫ్యాన్లూ ఈ రెండంకెల మధ్య సందులో పడిపోయాయి.

సరైన చోట శుద్ధి చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. టన్ను కోలారు రాయికంటే టన్ను పాత ఫోన్లలో బంగారం ఎన్నో రెట్లు ఎక్కువ, రెండు వందల గ్రాముల పైమాటే. హైదరాబాదు చర్లపల్లిలోని సి-మెట్ పరిశోధన కేంద్రం సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతిని మన దేశంలోనే తయారుచేసింది. బెల్జియంలో హోబోకెన్ దగ్గర ఉమికోర్ కొలిమి ఈ పనిలో ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. ఇంటి వెనక యాసిడ్ గిన్నెలో కడిగేవాడు పైపూత బంగారం కొంత పట్టుకుని, మిగతా లోహాలన్నీ యాసిడ్‌తోపాటు కాలువలో పోస్తాడు. శుద్ధి కేంద్రం మేలే, సందేహం లేదు. కాని అది తిరిగి తెచ్చేది లోహాన్నే. తయారీలో మండిన బొగ్గు, కడిగిన నీళ్ళు, కోలారులో పోసిన పిండి, మేట్టూరులో పోసిన బురద ఏ కొలిమిలోంచీ వెనక్కి రావు. అందువల్లే ఒక ఫోను నాలుగేళ్ళు వాడవలసింది ఏడేళ్ళు వాడితే కలిగే లాభాన్ని, ఎంత మంచి రీసైక్లింగూ ఇవ్వలేదని నా అభిప్రాయం.

ఏడేళ్ళు వాడాలంటే బాగుచేసేవాడు ఉండాలి, బాగుచేయడానికి వీలు ఉండాలి. పెట్టె టీవీ మెకానిక్కుకి వీలుండేది. బొమ్మ పోతే ఎల్ఓటీ అనే ట్రాన్స్‌ఫార్మరు మార్చేవాడు, గీతలొస్తే కెపాసిటరు, అప్పుడప్పుడు కనబడి అప్పుడప్పుడు పోతే టంకం విడిచిన కాలు వెతికి అతికేవాడు. విడిభాగం చెన్నై రిచీ స్ట్రీటులోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో దొరికేది. ఇప్పటి టీవీకి పానెల్ పోతే పానెల్ ధర టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. ఫోను బ్యాటరీని జిగురుతో అతికించి పెడతారు, వేడి చేసి ఊడబెరకాలి. మెకానిక్కు చేతిలో పనితనం తగ్గలేదు, వస్తువే అతన్ని లోపలికి రానివ్వడం లేదు. ఫ్రాన్సు 2021 జనవరి నుంచి ఫోన్ల మీదా టీవీల మీదా బాగుచేయడం ఎంత తేలికో చెప్పే మార్కు వేసి అమ్మాలని నియమం పెట్టింది. మన దేశంలో వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, అలాంటి మార్కుల మీద వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. పోర్టల్‌లో కంపెనీ సర్వీసు సెంటర్ల నంబర్లు దొరుకుతాయి. మెకానిక్కుకి కావలసింది నంబరు కాదు, సర్క్యూట్ బొమ్మ, విడిభాగం.

ప్రభుత్వం చేయగలిగింది చాలా ఉంది, ఎందుకంటే కొనేవాళ్ళలో దానికంటే పెద్దది లేదు. 2025 బడ్జెట్లో తమిళనాడు ప్రభుత్వం 20 లక్షల మంది కాలేజీ పిల్లలకు ల్యాప్‌టాప్ లాంటివి ఇస్తామని ప్రకటించింది. ఇంకా ముందు ముందు ఇలాంటివి వస్తూనే ఉంటాయి, ఎన్నికలు వస్తూనే ఉంటాయి గదా. ఒక్కో ఆర్డరు లక్షల్లో ఉన్నప్పుడు కంపెనీ ఏ షరతుకైనా తలూపుతుంది. బ్యాటరీ స్క్రూ విప్పి మార్చుకునేలా ఉండాలని అడగవచ్చు. ఏడేళ్ళపాటు ప్రతి జిల్లాలోనూ విడిభాగాలు దొరకాలని అడగవచ్చు. కంపెనీ మనిషి తాలూకాకు ఏడాదికోసారి వచ్చి పాతవి తూకం వేసి తీసుకోవాలని అడగవచ్చు. 2006లో ఇవి అడగలేదని ఎవరినీ తప్పుపట్టలేం, అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇప్పుడు తోచలేదంటే కుదరదు. ఈ సభలో పంచాయితీ సభ్యులున్నారు, రచయితలున్నారు, అర్జీ రాయడం వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. తమిళంలో రాయండి, ఫరవాలేదు, తెలుగు మీద అభిమానం ఉంటే నకలు తెలుగులో ఉంచుకోండి.

ఇక పాత టీవీ ఇంట్లో ఉన్నవాళ్ళకు. గొట్టాన్ని పగలనివ్వకండి. లోపల గాలి లేని శూన్యం ఉంటుంది, పగిలితే గాజు ముక్కలు ఎగిరి కళ్ళలో పడతాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆటోవాడు యాభయ్యో వందో ఇస్తానంటే, రాగి తీసుకుని గొట్టాన్ని ఏం చేస్తావని అడగండి. అతను సూటిగా జవాబు చెప్పకపోతే ఇవ్వకండి. టీవీని విప్పకుండా, తెర వైపు కిందకు పెట్టి, అట్టపెట్టెలో వాన తగలని చోట ఉంచితే దానివల్ల ఏ హానీ లేదు. అనుమతి ఉన్న సంస్థల పట్టిక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటుంది, అందులో చాలావరకు చెన్నై చుట్టుపక్కలవి. ఒక్క టీవీ కోసం వాళ్ళు రారు. లారీ నిండితే వస్తారు. తాలూకాలో ఒక గోదాము చూసి, ఊరూరి నుంచీ చేర్చి, లారీ నింపే పని ఎవరిదో పంచాయితీలు కూర్చుని తేల్చుకోవాలి. సంత మైదానం పక్కన కాకుండా, చెరువుకి దూరంగా చూడండి.